గాలికుంటు టీకా పక్కన పిల్లి టీకాకూ కాస్త చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పశుసంవర్ధక శాఖ సంచాలకులకు,

నమస్కారం. ఈ ఉత్తరం మీ ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. శాఖలు రెండైనా ఈ ఒక్క విషయంలో అక్కడా ఇక్కడా పరిస్థితి ఒకేలా ఉంది. మీ ఆసుపత్రికి ఎవరైనా గేదెను తోలుకొస్తే ఏం చేయాలో అటెండరు నుంచి డాక్టరు గారి వరకూ అందరికీ తెలుసు. గొర్రెలకు చిటుకు రోగం టీకా, కోళ్లకు కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేయాలో గోడ మీద పట్టిక ఉంటుంది. కుక్కను తెస్తే రేబిస్ ఇంజెక్షన్ దొరుకుతుంది. రెండు నెలల పిల్లికూనను అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చినవాళ్లను చూస్తే మాత్రం, దీనికేం చేయాలి అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పిల్లికూనలకు వేసే మూడు జబ్బుల టీకా, అందరూ ట్రైక్యాట్ అని పిలిచేది, కనీసం జిల్లా, డివిజన్ స్థాయి పశువైద్యశాలల్లో ఉంచండి. ఉచితంగా వద్దు. మీకు పడిన ధర మా దగ్గర తీసుకునే వేయండి. దాంతోపాటు తేదీలు రాసిన ఒక కార్డు ఇవ్వండి. మిగతా ఉత్తరమంతా ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

2019లో జరిగిన 20వ పశుగణనలో కానీ, 2024 అక్టోబరు 25న మొదలైన 21వ పశుగణనలో కానీ పిల్లి లేదు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది ఉన్నాయి, ఉండాల్సిందే. మిథున్, యాక్, ఒంటె, కంచర గాడిద ఉన్నాయి. కుందేలు ఉంది, కుక్క ఉంది, ఆఖరికి ఏనుగు కూడా ఉంది. అంటే మీ ఇంట్లో ఏనుగు ఉందా అని రాసుకోవడానికి ఒక గడి ఉంది, పిల్లి ఉందా అని రాసుకోవడానికి లేదు. ఆ జాబితా కేంద్రం తయారుచేసేదని తెలుసు, అందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ ఎన్ని ఉన్నాయో కాగితం మీద లేనప్పుడు వాటికి మందు ఎంత కావాలని ఎవరు అడుగుతారు? ఇండెంటులో పేరు లేని జంతువుకు ఫ్రిజ్‌లో చోటు ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్లి అనగానే పర్షియన్ జాతి, ఏసీ గది, ఫోన్లో రీల్స్ గుర్తొచ్చి ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు ఆఫీసుల్లో తప్పకుండా ఉంటారు. ఆ పిల్లులు ప్రైవేట్ క్లినిక్‌లకు వెళ్తాయి, వాటికి మీతో పెద్ద అవసరం లేదు. నేను మాట్లాడుతున్నది నాటు పిల్లి గురించి. బియ్యం మిల్లుల్లో, కిరాణా కొట్ల వెనక గోడౌన్లలో, మార్కెట్ యార్డుల్లో, చేపల రేవుల్లో, హాస్టల్ వంటగదుల పక్కన బతికే పిల్లి. ఎలుకల మందు పెట్టడం ఇష్టం లేని ప్రతి ధాన్యం కొట్టు దాన్ని జీతం లేని కాపలాదారుగా పెట్టుకుంది. అది చేసే పని వ్యవసాయం కిందికి రాదని అనగలమా?

మా కూన కూడా ఒక బియ్యం మిల్లులో పుట్టిందే. తల్లి లారీ కింద పడి పోతే మిల్లు గుమాస్తా తెచ్చి మా చేతిలో పెట్టాడు. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లాం. ఊరి పేరూ డాక్టరు గారి పేరూ చెప్పను, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. బయట గేదెల వరుస ఉన్నా కూనను విసుక్కోకుండా చూశారు. పళ్లు చూసి వయసు రెండు నెలలు ఉండొచ్చన్నారు. చిగుళ్లు పాలిపోయాయేమో చూశారు, చెవుల్లో నల్లటి మట్టిలాంటిది ఉందేమో చూశారు, పొట్ట తడిమి ఏలిక పాములు ఉంటాయన్నారు. నులిపురుగుల మందు బరువును బట్టి ఇవ్వాలి. ఆసుపత్రిలో పశువుల ఛాతీ చుట్టుకొలత తీసి బరువు అంచనా కట్టే టేపు ఉంది కానీ గ్రాముల్లో తూచే కాటా లేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో, కందిపప్పు తూచిన కాటా మీదే కూనను తూచాం. ఏడు వందల గ్రాముల చిల్లర. ఇక టీకా గురించి అడిగితే, "పిల్లులది మాకు సప్లై లేదమ్మా, జిల్లా కేంద్రంలో ప్రైవేటులో దొరుకుతుందేమో చూడండి" అన్నారు. నిజమే చెప్పారు. పిల్లికి ఏ టీకా ఎప్పుడు వేయాలో ఆయనకు తెలుసు, అది చదివే వచ్చారు. హైదరాబాద్‌లో 1946లో, తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాలలు పెట్టిన నేల ఇది. లేనిది సీసా.

ఆ సీసా లేకపోతే ఏమవుతుందో కాస్త వివరంగా రాస్తాను. మీకు తెలియదని కాదు. ఈ ఉత్తరం చదివే పిల్లుల యజమానులకు తెలియాలని.

మన వీధుల్లో మెట్ల కింద నాలుగు కూనలు ఉంటాయి. ముందురోజు వరకూ ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి. తెల్లారేసరికి ఒకటి ముడుచుకుని కూర్చుంటుంది. పాలగిన్నె దగ్గరికి వచ్చి మూతి పెట్టి, తాగకుండా అలాగే తల వాల్చేస్తుంది. నురగ వాంతులు, తర్వాత నీళ్ల విరేచనాలు. ఒకటి రెండు రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. అప్పుడు వీధిలో వినపడే మాట ఒక్కటే: ఎవరో విషం పెట్టారు. పిల్లులంటే పడని ఇంటివైపు చూపులు వెళ్తాయి. పక్కపక్క వాటాల వాళ్లు నెలల తరబడి మాట్లాడుకోకపోవడం నేనే చూశాను. విషం పెట్టేవాళ్లు అసలు లేరని అనను. కానీ ఇలా వరసగా పోయే కూనల్లో చాలా వాటిని చంపేది ఫీలైన్ పాన్‌ల్యూకోపీనియా. నోరు తిరగని ఆ పేరు బదులు పిల్లుల పార్వో అంటే కొంత తెలుస్తుంది, ఎందుకంటే కుక్కపిల్లల్ని పొట్టన పెట్టుకునే పార్వో వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. మనుషులకు సోకదు.

ఒంట్లో ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటాయో అక్కడే ఈ వైరస్ దెబ్బ కొడుతుంది. పేగు లోపలి పొర ఊడిపోతుంది, ఎముక మూలుగ దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోతాయి. అందుకే కూన ఒకేసారి నీరూ పోగొట్టుకుంటుంది, జబ్బుతో పోరాడే శక్తినీ పోగొట్టుకుంటుంది. వైద్యం అందని చిన్న కూనల్లో నూటికి తొంభైకి పైగా చనిపోతాయి. వైరస్‌ను చంపే మందంటూ వాడుకలో లేదు. సెలైన్, వాంతులు ఆగే మందు, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా యాంటీబయోటిక్, ఒళ్లు వెచ్చగా ఉంచడం, వీటితోనే లాక్కురావాలి. దానికి రోజంతా ఒక మనిషి కావాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ వీలు ఎక్కడుంటుంది? టీకా అయితే అర నిమిషం పని.

ఇంకో సంగతి చాలామంది ఇళ్లలో తెలియదు. కడుపుతో ఉన్న పిల్లికి ఈ వైరస్ సోకితే కూనలు మెదడు వెనక భాగం సరిగా ఎదగకుండా పుడతాయి. తూలుతూ, తల ఊపుతూ నడుస్తాయి. దిష్టి తగిలిందనో వాతమనో అంటారు. సజీవ వైరస్‌తో చేసే టీకాను చూడి పిల్లికి వేయకూడదనేది కూడా ఇందుకే.

కూన పోయాక జరిగేది మరీ ఘోరం. ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారని వారం తిరక్కుండా ఇంకో కూనను తెస్తారు. ఈ వైరస్ నేల మీద, అట్టపెట్టెలో, గోనెపట్టాలో ఏడాది వరకూ బతికి ఉండగలదు. రెండోదీ పోతుంది. "మా ఇంటికి పిల్లి అచ్చిరాదు" అని తీర్మానించుకుంటారు. మధ్యలో ఇల్లంతా ఫినాయిల్ పెట్టి కడుగుతారు, అది ఈ వైరస్‌ను నమ్మకంగా చంపదు సరికదా, ఆ రకం మందులు పిల్లి ఒంటికే విషం. పని చేసేది బ్లీచ్. ముందు మురికి శుభ్రంగా కడిగేసి, ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. ఈ ఒక్క ముక్క మీ ఆసుపత్రి గోడ మీద రాయించడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ట్రైక్యాట్‌లో పాన్‌ల్యూకోపీనియాతోపాటు పిల్లుల జలుబుకు కారణమయ్యే హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్‌లకు కూడా రక్షణ ఉంటుంది. కళ్లు పుసులు కట్టి తెరుచుకోని కూనలు, నాలుక మీద పుండ్లతో తిండి మానేసిన కూనలు ఈ రెండింటి చలవే. నిజం చెప్పాలంటే ఆ రెండింటినీ టీకా పూర్తిగా ఆపదు, తీవ్రత తగ్గిస్తుంది. పాన్‌ల్యూకోపీనియా విషయంలో మాత్రం గట్టి కాపు.

ఎప్పుడు వేయాలన్న దగ్గర ప్రైవేటులో కూడా గందరగోళం ఉంది. ఒక చోట ఎనిమిది వారాలకు ఒకటి, పన్నెండు వారాలకు ఇంకొకటి వేసి, ఇక ఏడాదికి రమ్మంటారు. ఇంకో చోట నెలకొకటి చొప్పున మూడు అంటారు. ఎవరి మాట వినాలో తెలియక యజమానికి టెన్షన్. చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ చెప్పేది స్పష్టంగానే ఉంది: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, పదహారు వారాలు నిండే దాకా, ఆ తర్వాత దాదాపు ఆరు నెలల వయసులో మరొకటి. ఆ పైన ఇంట్లోనే ఉండే పిల్లికి మూడేళ్లకు ఒకసారి సరిపోతుంది.

పదహారు వారాలు ఎందుకో పాడి రైతుకు చెప్తే చటుక్కున అర్థమవుతుంది. దూడకు ముర్రుపాలు ఎందుకు తాగిస్తామో అదే కథ. కూనకు కూడా పుట్టిన మొదటి రోజు తల్లి ముర్రుపాలలోంచే రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నంత కాలం బయటి నుంచి వేసిన టీకాను అదే అడ్డుకుంటుంది. ఒక కూనలో అది ఎనిమిది వారాలకే అయిపోతుంది, ఇంకో కూనలో పదిహేను వారాల దాకా ఉంటుంది. ఏ కూనలో ఎప్పుడు అయిపోయిందో బయటికి కనపడదు. అందుకే మళ్లీ మళ్లీ వేస్తూ పదహారు వారాలు దాటించాలి. పన్నెండు వారాలకే ఆపేస్తే, కార్డు మీద రెండు స్టిక్కర్లు ఉండి కూడా లోపల ఏ రక్షణా లేని కూనలు కొన్ని మిగిలిపోతాయి. "టీకాలు వేయించినా పోయింది, అంతా మోసం" అనే మాట పుట్టేది అక్కడే.

కార్డు సంగతి చెప్పాలి. ఎక్కడో పర్షియన్ కూనను కొన్నవాళ్ల చేతికి ఒక కార్డు ఇస్తారు. "వ్యాక్సినేటెడ్" అని స్టాంపు ఉంటుంది. ఏ టీకా, ఏ బ్యాచ్, ఏ తేదీ, ఎవరు వేశారు, ఏమీ ఉండదు. కూనకు నలభై రోజులు కూడా నిండి ఉండవు. 2018 నాటి పెట్ షాపుల నియమాల ప్రకారం దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఫోన్లో ఫొటో పెట్టి బస్టాండులో చేతులు మార్చే అమ్మకాన్ని ఆ రిజిస్టరు ఎలా పట్టుకుంటుందో నాకైతే అర్థం కాదు. ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చే కార్డు ఒకటి ఉంటే, కొనేవాళ్లు "ఆ కార్డు ఏది?" అని అడగడమైనా మొదలుపెడతారు. గాలికుంటు టీకా వేసిన ప్రతి గేదె చెవికీ పన్నెండంకెల పోగు వేసి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్న శాఖకు అట్ట ముక్క ఒక లెక్కా?

ఇక రేబిస్. ఏటా జులై 6న మీ ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తున్నారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా వేయించాడు కాబట్టి ఆ రోజును జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినంగా జరుపుకుంటున్నాం. చాలా మంచి పని. నేను చూసిన బ్యానర్ల మీద మాత్రం కుక్క బొమ్మే ఉంది. 2021లో మొదలైన జాతీయ ప్రణాళిక కూడా 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేయాలంటుంది. మనుషులకు రేబిస్ దాదాపు ఎప్పుడూ కుక్క నుంచే వస్తుందన్నది వాస్తవం, అందులో వాదన లేదు. కానీ పిచ్చికుక్క పిల్లిని కూడా కరుస్తుంది. కరిచిన పిల్లి గోడ దూకి మన వంటింట్లోకే వస్తుంది. ఒకసారి లక్షణాలు మొదలయ్యాక పిల్లి అయినా మనిషి అయినా బతకడం దాదాపు అసాధ్యం.

"పిల్లి గీరితే ఏం కాదు" అనే నమ్మకం ఊళ్లలో చాలా గట్టిది. కూన ఆడుతూ పంటితో రక్తం వచ్చేలా కొరికినా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అక్కడ చర్మంలో వేసే ఇంజెక్షన్లు 0, 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాలి. గాయాన్ని బట్టి వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా ఇస్తారు. కూలికి పోయే తల్లి పిల్లవాణ్ని తీసుకుని నాలుగుసార్లు తిరిగితే నాలుగు రోజుల పని పోతుంది. కూనకు పన్నెండు వారాలు నిండాక ఒక రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి వేయించి ఉంటే ఈ భయం చాలావరకు ఉండదు. ఈ టీకా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షారాబ్ కుక్కలకే కాదు, పిల్లులకూ పనికొస్తుంది. అది ఇప్పటికే మీ ఫ్రిజ్‌లో ఉన్న సీసా. వచ్చే జులై 6 బ్యానరు మీద "పిల్లులకు కూడా" అని రెండు మాటలు చేర్చితే చాలు.

టీకా కాని ఒక విషయం, కానీ ప్రాణం తీసే విషయం. కూనకు ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ మాత్రలో చిన్న ముక్క వేసేవాళ్లు, పిల్లల సిరప్ చుక్కలు పోసేవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపినట్టు పిల్లి కాలేయం పంపలేదు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. అలాగే పశువుల పిడుదులకు ఇచ్చే డెల్టామెత్రిన్ మందు. గేదెకు పూయగా మిగిలింది కుక్కకు, కుక్కకు పోయగా మిగిలింది పిల్లికి పోస్తారు. కుక్కల మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కలు కూడా అంతే. పిల్లి వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, ఆ పూటలోనే పోవచ్చు. మీ ఆసుపత్రుల నుంచి వెళ్లే పిడుదుల మందు సీసా ఇచ్చేటప్పుడు "పిల్లికి వాడొద్దు" అని ఒక్క మాట చెప్పమని సిబ్బందికి, గోపాలమిత్రలకు చెప్పండి. పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేసినవాళ్లకు కూడా ఈ రెండు జాగ్రత్తలు చెప్పేలా ఆపరేటర్ల చేతిలో కాగితం పెట్టండి.

కోడలికి నెల తప్పిందనగానే ఇంట్లో పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసే అలవాటు కూడా మన దగ్గర ఉంది. పిల్లి నుంచి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకి కడుపులో బిడ్డకు హాని చేస్తుందన్న భయం. పిల్లి ఆ పరాన్నజీవి గుడ్లను సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాలే విసర్జిస్తుంది. ఆ గుడ్లకు జబ్బు తెచ్చే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మట్టిపెట్టె రోజూ వేరే ఎవరైనా శుభ్రం చేస్తే, మాంసం బాగా ఉడికించి తింటే, పిల్లిని వెళ్లగొట్టాల్సిన అవసరం లేదు. ఈ మాట అత్తగారికి నేను చెప్తే వినరు. తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్తే వింటారు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి క్లుప్తంగా. ఆడపిల్లి నాలుగు నెలలకే చూడి కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఆరు నెలలకు వద్దాం అని వాయిదా వేసేలోపు ఇంట్లో ఐదు కూనలు ఉంటాయి. టీకాల కోసం పదహారు వారాలకు వచ్చిన రోజే ఆపరేషన్ తేదీ కార్డు మీద రాసి పంపితే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇది టీకాల తర్వాతి మెట్టు, ఇప్పుడు పట్టుబట్టను.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు ఊహించగలను. ఖాళీ పోస్టులున్నాయి, పశువుల టీకాల కార్యక్రమాలకే మనుషులు చాలడం లేదు, లంపీ స్కిన్ లాంటిది వచ్చిపడితే ఊపిరి సలపదు. గేదె చస్తే ఒక కుటుంబం అప్పులపాలవుతుంది, పిల్లి చస్తే అవ్వదు. ఒప్పుకుంటాను. గేదె వరుసలో ఉండగా నా కూనను ముందు చూడమని ఎప్పుడూ అనను. అందుకే వారంలో ఒక సాయంత్రం, పశువుల రద్దీ తగ్గాక, పిల్లులకని ఒక గంట చాలు అంటున్నాను. కుక్కలు అరుస్తున్న వరండాలో కూర్చోబెట్టకపోవడం పిల్లికి కూడా మేలు, సంచిలోంచి దూకి పారిపోయేవి చాలావరకు అక్కడే పారిపోతాయి.

టీకా వృథా అవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. పశువుల టీకాల్లా పెద్ద సీసా తెరిచాక మిగతా డోసులు పారబోయాల్సిన పని లేదు. ట్రైక్యాట్ ఒక్కో డోసు ఒక్కో సీసాలో, పొడిగా ఒకటి, కలుపుకునే ద్రవం ఒకటిగా వస్తుంది. గాలికుంటు టీకా ఉంచే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనమే దీనికీ చాలు. పది సీసాలు ఆ అర మీద ఒక మూల పడతాయి. ముందుగా పేరు రాసుకుని డబ్బు కట్టినవాళ్లకే తెప్పించినా మాకు సమ్మతమే. మా వైపు ప్రైవేటులో డోసుకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా తీసుకుంటున్నారు, దానికి జిల్లా కేంద్రానికి రానుపోను ఖర్చు అదనం. మిల్లు గుమాస్తా జీతంతో మూడు డోసులు వేయించడం అయ్యే పని కాదు. మొత్తంగా పెద్ద లెక్కన కొంటే మీకు అంతకంటే తక్కువకే వస్తుందని ఏ మందుల షాపు వాడైనా చెప్తాడు.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మన పెద్దలు భయపెట్టారు. ఆ లెక్కన ఏటా మెట్ల కింద పోతున్న కూనలకు ఎంత బంగారం బాకీ పడ్డామో!

కాబట్టి కోరేది ఇంతే. వచ్చే మందుల ఇండెంటులో ట్రైక్యాట్ పేరు చేర్చండి, మొదట జిల్లాకు ఒక ఆసుపత్రిలోనైనా ప్రారంభించండి. ఐదు కిలోల లోపు బరువు గ్రాముల్లో చూపే కాటా ఒకటి ప్రతి ఆసుపత్రికీ ఇప్పించండి. మూడు డోసుల తేదీలు, ఆరు నెలల బూస్టరు, రేబిస్, నులిపురుగుల మందు, వీటన్నిటికీ గళ్లున్న కార్డు తెలుగులో అచ్చు వేయించండి. టీకా వేసిన ప్రతి పిల్లినీ రిజిస్టరులో రాయించండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది. 22వ పశుగణన జాబితా తయారయ్యేటప్పుడు ఆ అంకెను కేంద్రానికి పంపండి.

నాకు విడిగా జవాబు రాయనక్కర్లేదు. ఏ ఆసుపత్రిలో ఏ వారం ఈ టీకా దొరుకుతుందో పత్రికల్లో ఒక ప్రకటన ఇస్తే చదువుకుని వస్తాం, పెట్టెలూ బుట్టలూ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
నాటు పిల్లిని పెంచుకుంటున్న ఒక గృహిణి